అంచు ముక్క

యూసుఫ్‌గూడ,
గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి వజ్రమ్మకు రాజనర్సయ్య దీవించి, ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్నది. ఇక్కడ నేను, మన కొడుకు అనుదీపు, కోడలు నవీన తింటున్నాం, తిరుగుతున్నాం. జగిత్యాలలో నువ్వు, మన బిడ్డ చంద్రిక, పసిగుడ్డు కూడా అట్లాగే ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకర పోతే సర్దుకొని నువ్వే చదువుకో, చంద్రికకు ఇవ్వకు. ఫోను చేయొచ్చు కదా అంటావు. చెవుడు వచ్చినప్పటి నుంచి నేను ఫోనులో మాట్లాడితే గల్లీ మొత్తం వింటుంది. ఇది గల్లీ వినవలసిన సంగతి కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. షుగర్ గోళీలు వేసుకుంటున్నాను. పాలవాడు నువ్వు ఊళ్ళో లేవని కనిపెట్టి నీళ్ళు పెంచాడు. అడిగితే "బర్రెనే నీళ్ళు ఎక్కువ తాగుతుంది పెద్దాయనా" అన్నాడు. మనుమడికి నా ముక్కే వచ్చిందని రాశావు, సంతోషం. ఆసుపత్రిలో పిల్లలను మార్చలేదు కదా అని నేను అడిగినదానికి మాత్రం జవాబు రాయలేదు. డబ్బాలో ముక్కలు ఎక్కువ తినవద్దన్నావు, తగ్గించాను. నవీన ఎట్లా ఉంది అని అడిగావు. దానికి జవాబు పెద్దది.

నువ్వు పోయిన కొద్ది రోజులకు వంటింటి అల్మారాలోకి ఒక స్టీలు డబ్బా వచ్చింది. అందులో వేలెడు వెడల్పున కోసిన తీపి ముక్కలు. బిస్కెట్ కాదు, కేకు కాదు. ఒక పక్క గట్టిగా, మాడీ మాడనట్టు ఉంటాయి. ఏమిటివి అంటే, "ఆఫీసుల పుట్టినరోజు మామయ్యా, మిగిలినయి తెచ్చిన" అంది. నమ్మాను. రెండు రోజులకు డబ్బా మళ్ళీ నిండింది. మళ్ళీ పుట్టినరోజు. కోచింగు ఇచ్చే ఆఫీసులో పుట్టడం తప్ప వేరే పని లేదా? తిన్నాను కానీ అనుమానంతోనే తిన్నాను.

తరువాత ఆమె సంచి. నేను వెతకలేదు. పడితే తీశాను. పడేటట్టు పెట్టింది ఆమె. లోపల గోధుమరంగు పొడి పొట్లం ఒకటి, చిటికెన వేలంత సీసా ఒకటి. మూత తీసి వాసన చూస్తే తల తిరిగింది. పైన తీపి వాసన, అడుగున మందు వాసన. నేను మేస్త్రీగా ఎంతమంది కూలీలను మందు వాసనతో పట్టుకోలేదు? నా ముక్కును ఎవరూ మోసం చేయలేరు.

ఆ సాయంత్రమే, బట్టలు ఆరేసే చోట ఆమె ఫోను మాట్లాడుతుంటే విన్నాను. చెవుడు ఉన్నవాడి ముందర జనం గట్టిగానే మాట్లాడుతారు.

"బార్ మంచిగ నడుస్తుంది అక్కా. హాస్టల్ పోరిలు మస్తు అలవాటు పడ్డరు. రేపు ఇంకో పాన్ ఎక్కువ పెట్టాలె. మా మామయ్యకు మాత్రం తెల్వనియ్యకు, గాయన ఊకోడు."

బార్! పైగా పాన్! హాస్టల్ ఆడపిల్లలకు అలవాటు చేయడం! చెప్పులు వేసుకొని మెట్లు దిగాను వజ్రమ్మా. కింద కుట్టుమిషను ఖాదర్ దగ్గర కూర్చొని, ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను.

"ఖాదర్ భాయ్, బార్ల పాన్ సుత అమ్ముతరా?"

"పాన్ డబ్బ బార్ బయట ఉంటది అన్నా, లోపట ఉండది. ఏంది, ఈ వయసుల కొత్తగ మొదలువెడుతున్నవా? వదిన ఊరికి పోయిందనా?"

వాడి నవ్వు నాకు నచ్చలేదు. వాడికి కూడా ఏదో తెలుసని అనుమానం వచ్చింది. అక్కడ నేను వాడి ఫోనుతో ఒక పని చేశాను. అది ఇప్పుడు రాయను, చివర రాస్తాను.

మరునాడు ఆమె ఎక్కిన ఆటో వెనక ఆటో ఎక్కాను. అమీర్‌పేటలో దిగింది. ఆమె పనిచేసే కోచింగు ఇన్‌స్టిట్యూటు ఉన్న బిల్డింగు ముందు నుంచే పోయింది, తల ఎత్తి కూడా చూడలేదు. నేను చూశాను. ఆ మెట్ల దగ్గర షట్టరు దించి ఉంది, మీద కిరాయికి ఇస్తామని బోర్డు ఉంది. ఆమె పంజాగుట్ట వైపు నడిచి ఒక గల్లీలోకి తిరిగింది. పేరులేని ఇల్లు, బోర్డు లేదు. ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. హాస్టల్ పిల్లలు ఉత్త చేతులతో లోపలికి పోతున్నారు, కాగితం సంచులతో వస్తున్నారు. ఒక పిల్ల గుమ్మంలోనే సంచి విప్పి నోట్లో వేసుకొని కళ్ళు మూసుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి? చాయ్ సగంలో వదిలి లోపలికి పోయాను.

"ఏదీ మీ బార్?" అని అరిచాను.

తలకు దుపట్టా కట్టుకున్న ఒకామె ఎదురొచ్చింది. పేరు మసూదా అట. "ఆవో చాచా, కూసోండ్రి. ఏ బార్ గావాలె? నిమ్మకాయదా, ఖర్జూరందా?"

"నిమ్మకాయ ఎందుకు, మందుల నంజుకోనీకా?"

ఆమెకు అర్థం కాలేదు. లోపలి గదిలో నవీన ఉంది. చేతులకు పిండి, ముందర ఒక తట్ట. నన్ను చూసి చేతిలో చాకు కింద పెట్టింది.

నేను ఏం చూశానో చెబుతాను, నువ్వైనా నవ్వకు. ఆ తట్ట చదరంగా, పొట్టి గోడలతో ఉంది. మనం సెంట్రింగుకు రేకు పరిచి నూనె రాసినట్టు లోపల నూనె కాగితం పరిచారు. అందులో పిండి ముద్ద పోసి, స్లాబు మట్టం చేసినట్టు చేసి, పొయ్యి పెట్టెలో కాలుస్తారు. ఆ తట్టను వీళ్ళు పాన్ అంటారు. చల్లారాక ఇటుకల మాదిరి కోస్తారు. ఆ ముక్కను బార్ అంటారు. గోధుమరంగు పొడి చాక్లెట్ పొడి. సీసాలోది వాసన కోసం వేసే చుక్కలు, వాటిని స్పిరిటులో కలుపుతారట. కోసేటప్పుడు గట్టిపడిన నాలుగు అంచులూ తీసి పక్కన పెడతారు, అవి అమ్మరు. పక్కన మన స్టీలు డబ్బా ఉంది.

"ఉద్యోగం ఏమైంది?" అన్నాను.

"పోయింది మామయ్యా. దసరా కన్నా ముందే. అంతా ఆన్‌లైన్ చేసిండ్రు, మమ్ములను తీసేసిండ్రు."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె మళ్ళీ చాకు అందుకుంది. "నా కోడలు ఏసీల కూసోని ఉద్యోగం చేస్తదని మీరు గల్లీల అందరికి చెప్పుకుంటరు కద. గది ఆపబుద్ధి కాలే."

మసూదా ఇచ్చిన ముక్క తినలేదు, జేబులో వేసుకొని వచ్చాను. ఇంటికి వచ్చేసరికి అంగీ పాడైంది. దాన్ని ఉతికింది కూడా నవీనే.

ఇప్పుడు ఆపుకున్నది రాస్తాను. ఖాదర్ ఫోనుతో నేను చేసింది, సిద్దిపేటలో వియ్యంకునికి ఫోను. "బావా, నీ బిడ్డ బార్ పెట్టింది. ఆదివారం వచ్చి తీస్కపో" అన్నాను. ఆయన ఏదో అడుగుతుంటే కట్ చేశాను. పంజాగుట్ట నుంచి వచ్చాక మళ్ళీ చేసి రావద్దని చెప్పవలసింది. ఫోను పట్టుకున్నాను కూడా. "పొరపాటయింది బావా" అనే మాట నా నోట ఎప్పుడైనా విన్నావా? రాలేదు.

ఆదివారం ఆయన, ఆయన అన్న వచ్చారు. పంచాయితీకి వచ్చినట్టే వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర కూడా విడవలేదు. తండ్రి చెప్పకుండా వచ్చాడని నవీన సంబురపడుతూ నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు ముట్టలేదు.

"ఫోన్ల బార్ అన్నవ్ బావా. నా బిడ్డ ఏం తప్పు చేసిందో నా ముంగట, అందరి ముంగట చెప్పు. తీస్కపొమ్మంటే తీస్కపోత."

అనుదీపు లేచి నిలబడ్డాడు. నవీన నా వైపు తిరిగింది. గ్లాసు ఆమె చేతిలోనే ఉంది. ఆ పిల్ల ఆ గుమ్మం దాటిపోతే నేను మళ్ళీ పిలవను, పిలవలేను. అది నీకు తెలుసు, నాకూ తెలుసు.

"అవ్ బావా," అన్నాను. "నీ బిడ్డ పంజాగుట్టల బార్ పెట్టింది. మస్తు నడుస్తుంది. మీ ఇంటోళ్ళు గా తీపి ముక్కలు రుచి చూడాలె కద. అందుకే అన్న, వచ్చి తీస్కపో అని. ఓ డబ్బ కట్టిస్త."

వియ్యంకుడు నమ్మలేదు. కానీ చెప్పులు విడిచాడు. "గింతేనా? గంత గట్టిగ అరిస్తివి," అన్నాడు.

"నాకు చెవుడు బావా."

నవీన లోపలికి పోయి పళ్ళెం తెచ్చింది. తండ్రికి, పెదనాన్నకు, అనుదీపుకు నడిమి ముక్కలు పెట్టింది, మెత్తనివి. నా ముందు ఒక్క అంచు ముక్క పెట్టింది. నేను ఫోను చేసింది ఎందుకో ఆమెకు మొత్తం అర్థమైందని నాకు అప్పుడే తెలిసింది. నోరు మూసుకొని తిన్నాను.

వాళ్ళు డబ్బా పట్టుకొని నవ్వుతూ పోయారు. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడుతోంది, కానీ "మామయ్యా" అనడం లేదు. "అన్నం పెట్టిన," "గోళీ ఏస్కోండ్రి," అంతే.

ఇంకొకటి. ఆ స్టీలు డబ్బా మన ఇంట్లోకి నువ్వు పోయిన తరువాత వచ్చింది కదా. మరి ముక్కలు ఎక్కువ తినవద్దని నీకు జగిత్యాలలో ఎట్లా తోచింది? అంటే మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఉద్యోగం పోయింది నీకు తెలుసు, అనుదీపుకు తెలుసు, ఖాదర్‌కు కూడా తెలిసే ఉంటుంది. తెలియనివాడిని నేనొక్కడినే. దీని సంగతి నువ్వు వచ్చాక చూస్తాను.

ఈ పొద్దున డబ్బా మూత తీశాను. ఖాళీగా ఉంటుందనుకున్నాను. నిండా అంచులే ఉన్నాయి, నిమ్మకాయవి ఒక పక్క, ఖర్జూరంవి ఒక పక్క. కోపం ఉంటే నింపుతుందా? లేక ఇక నీకు ఇవే అని చెబుతోందా? నేను అడగను. నువ్వు మాట్లాడేటప్పుడు మెల్లగా కనుక్కో. అంచుకే రుచి ఎక్కువని నేనన్నట్టు మాత్రం చెప్పకు.

ఇట్లు,
నీ పెనిమిటి,
చెవుడు తప్ప వేరే లోపం లేని
రాజనర్సయ్య