రెండో వెర్షన్

మార్చి 2, ఆదివారం

మా అత్తగారి కంప్యూటర్ నా నెత్తిన పడింది. ఆవిడ నన్ను అడగలేదు. ఆవిడ నన్ను ఏదీ అడగదు. నేను అదే గదిలో బట్టలు మడతపెడుతుండగా కొడుకుతో అంది, ఆఫీసులో ఊరందరి సిస్టమ్స్ బాగుచేసే మనిషి ఇంట్లో ఉంటే బయటివాళ్ళని పిలవడం దేనికిరా అని. ఈయన నావైపు చూశారు. నేను దుప్పటి వైపు చూశాను.

సంగతేమిటంటే, ఆవిడకి ఎనిమిదేళ్ళుగా చూపు లేదు. అంతకుముందు ఒక ఆఫీసులో స్టెనో. ఇప్పుడు ఏదో కంపెనీ పంపే రికార్డింగులు విని, టైపు చేసి పంపుతుంది. తెర మీద ఉన్నదంతా కంప్యూటరే చదివి వినిపిస్తుంది, ఆవిడ హెడ్‌ఫోన్స్‌లో వింటుంది. పాతకాలం డబ్బా. రెండు జీబీ ర్యామ్. పదో తారీఖు నుంచి కంపెనీ సైటు అందులో ఉన్న పాత సిస్టమ్ మీద తెరుచుకోదట. కొత్త కంప్యూటర్ కొంటానని ఈయన అన్నారు. ససేమిరా అంది. ఆ కీబోర్డు ఆవిడ వేళ్ళకి అలవాటట. పనిచేస్తున్నదాన్ని పారేసే బుద్ధి తనకి లేదట. ఆ చివరి మాట ఎవరికో నాకు తెలుసు.

కాబట్టి ఆ డబ్బా మోయగలిగే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వెతకాలి. వెతుకుతాను. నా ఖర్మ.

మార్చి 3

ఆఫీసులో లంచ్ టైమంతా దానికే పోయింది. నెట్‌లో ఒక్కొక్కడూ తన వెర్షనే తేలికని ప్రమాణం చేస్తాడు. ఒకడు పేరు చెప్పగానే ఇంకొకడు వాడి మీద పడి రక్కుతాడు. ఏళ్ళనాటి తిట్లు కూడా చెరపకుండా దాచుకున్నారు. మా ఇంటికంటే నయం, అక్కడ మొహం మీదే తిట్టుకుంటారు.

మూడు ఏరాను.

మార్చి 4, మంగళవారం

మొదటిది పెన్‌డ్రైవ్ మీద వేసి నడిపించాను. మూడింట్లోకీ అదే తేలిక. ఆ డబ్బా అంత చురుగ్గా లేవడం నేనెప్పుడూ చూడలేదు, ముచ్చటేసింది. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత గోడతో చెప్తున్నట్టు, మూగదాన్ని పట్టుకొచ్చి పెట్టారే అంది.

చూస్తే నిజమే. బరువు తగ్గించడానికి వాళ్ళు తీసేసినవాటిలో చదివి వినిపించేది కూడా పోయింది. తేలిక అన్నారంటే ఏం కోసేశారో ముందు చూసుకోమని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేదాన్ని నేనే. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మూగ అన్నది కంప్యూటర్‌ని మాత్రమే కాదు.

మార్చి 5

పొద్దున ఫ్రిజ్ ఎన్నిసార్లు తెరిచానో కొడుక్కి చెప్పింది.

మార్చి 8, శనివారం

ఈ ఇంటికి సీసీ కెమెరా అక్కర్లేదు, ఆవిడ చెవులు చాలు. ఎన్నింటికి లేచానో, ఎవరితో ఫోన్‌లో నవ్వానో, గిన్నె కోపంగా పెట్టానో మామూలుగా పెట్టానో, అన్నీ ఆవిడకి తెలుసు. తెలిస్తే తెలిసింది, నోట్లో నిలవదు.

పోయినేడు నాకు ఇంకో బ్రాంచిలో టీమ్ లీడ్‌గా అవకాశం వచ్చింది. రైల్లో మూడు గంటల దూరం. పడగ్గది తలుపేసుకుని ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చాను. ఆఫర్ చేతికొచ్చాక, సమయం చూసి, ఈయనకి నిదానంగా చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం ఈయన బూట్లయినా విప్పకముందే ఆవిడ చెప్పేసింది, నీ పెళ్ళాం ఊరు మారుతోందట, నీతో చెప్పిందా అని. తర్వాత జరిగిన రభస రాయను. ఉద్యోగం వదులుకున్నాను. ఇప్పటికీ పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసే సీట్లోనే ఉన్నాను. మేమిద్దరం లోపల అరుచుకుంటుంటే ఆవిడ హాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హాయిగా టైపు చేసుకుంది. అది మర్చిపోలేదు. మర్చిపోను.

సరే, వెర్షన్లు. ఇంకా రెండున్నాయి. రెండోది తేలిగ్గానే ఉంది, చదివి వినిపిస్తుంది కూడా. కానీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాకే నోరు విప్పుతుంది. అప్పటిదాకా చూపున్నవాళ్ళకి తెర మీద ఒక పెట్టె కనిపిస్తుంది, చూపు లేనివాళ్ళకి ఏమీ తెలియదు. మూడోది కాస్త బరువు, లేవడం ఆలస్యం, కానీ స్విచ్ వేసిన దగ్గర్నుంచీ మాట్లాడుతుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆవిడకి కావాల్సింది మూడోదే. ఇందులో ఆలోచించడానికేం లేదు.

చాలాసేపు ఆలోచించాను.

మార్చి 9, ఆదివారం

రెండోది పెట్టాను.

ఆ మిషన్‌కి ఇంతకంటే బరువైనది పట్టదని చెప్పాను. ఈయన తలూపారు. ఇంట్లో ఇంకెవరికి తెలుసు గనక? అసలు పాస్‌వర్డ్ అడక్కుండా కూడా పెట్టొచ్చు, ఒక్క టిక్కు తీసేస్తే సరిపోతుంది. తియ్యలేదు. పాస్‌వర్డ్ ఏమిటని ఈయన అడిగితే, మూడుసార్లు తప్పు కొడితే మొత్తం లాకైపోతుందండీ, అత్తయ్యకి ఆ తలనొప్పి ఎందుకు, రోజూ పొద్దున్నే నేను కొట్టేస్తాగా అన్నాను. నా గొంతు ఎంత తియ్యగా ఉందో నాకే తెలుస్తోంది.

ఆవిడ తల ఇటు తిప్పింది.

మార్చి 10, సోమవారం, ఉదయం

పిలిచింది! అమ్మాయ్ అని. ఈయన పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతారు, ఇంట్లో మేమిద్దరమే. నేను కాపరానికి వచ్చాక ఆవిడ నన్ను ఒక పనికి నోరారా పిలవడం ఇదే మొదలు. రెండోసారి పిలిచేదాకా కదల్లేదు. కడుపు చల్లబడింది.

మార్చి 12

రోజూ ఇదే వరస. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ పక్కకి జరుపుకుంటుంది. నేను మానిటర్ వేసి, వంగి, కొట్టి, మానిటర్ ఆపేసి వస్తాను. ఇవాళ గమనించాను, కీబోర్డు వైపు చెవి వంచింది. ఎన్ని అక్షరాలో వింటోంది! సాయంత్రం పాస్‌వర్డ్ మార్చేశాను, బాగా పొడుగ్గా. ఆ ఉద్యోగం వద్దని నేను మెయిల్ పెట్టిన తేదీ కూడా కలిపాను. దాన్ని ఇక రోజూ ఆవిడ చెవి పక్కనే కొడతాను.

థాంక్స్ అనదు. అనకపోతే పోనీ. పిలవాలి కదా.

మార్చి 14, శుక్రవారం

వారం పనంతా శుక్రవారం సాయంత్రానికి పంపాలి. నాకు తెలుసు. తెలిసే, ఆవిడ స్నానానికి వెళ్ళగానే బ్యాగు భుజాన వేసుకుని ఆఫీసుకి వచ్చేశాను.

కాసేపటికి ఈయన ఫోన్. అమ్మ మిషన్ ముందు కూర్చుని ఉందట, పాస్‌వర్డ్ చెప్తే తనే అమ్మకి ఫోన్‌లో చెప్తారట. పాస్‌వర్డ్‌లు ఫోన్‌లో చెప్పకూడదు, అది మొట్టమొదటి రూలు అన్నాను. అది ఇల్లే, నీ ఆఫీసు కాదే అని అరిచారు. మీటింగ్‌లో ఉన్నానని పెట్టేశాను. క్యాంటీన్‌లో ఉన్నాను. రెండో కాఫీ తాగుతున్నాను.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. ఆవిడ అదే కుర్చీలో ఉంది. లైటు వేసి లేదు, ఆవిడకి దాంతో పనేముంది. సారీ అత్తయ్యా, పని తగులుకుంది అన్నాను. మంచినీళ్ళు తాగి, వెళ్ళి పడుకుంది. ఈయన నాతో మాట్లాడటం లేదు. మంచిదే.

మార్చి 15, శనివారం

పిలిచింది, కొట్టాను. ఎక్కువసేపు కూర్చోలేదు. స్విచ్ ఆపేసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మార్చి 17, సోమవారం

పిలవలేదు.

గుమ్మంలోంచి చూశాను. తనే స్విచ్ వేసుకుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, చకచకా టైపు చేస్తోంది. నేను లేకుండానే. ఎవరు చెప్పారు?

మార్చి 18

ఇవాళా అంతే. ఆఫీసులో రోజంతా అదే ఆలోచన, రెండు కంప్లైంట్లు చూడకుండానే క్లోజ్ చేసి తిట్లు తిన్నాను. కనిపెట్టేసింది. ఆ చెవులతోనే కనిపెట్టి ఉంటుంది. తారీఖు కూడా తెలిసిపోయిందేమో. దానికంటే ఒళ్ళు మండే విషయం ఇంకొకటి. పనెలా ఉందమ్మా అని ఈయన అడిగితే, బ్రహ్మాండంగా సాగుతోందిరా, కోడలు మంచిదే పెట్టింది అంది. నన్ను మెచ్చుకుంది! నాకు అన్నం సహించలేదు.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం

తలనొప్పని చెప్పి సగం రోజుకే వచ్చేశాను. వీధి తలుపు దగ్గరికే టకటకలు వినిపిస్తున్నాయి. చెప్పులు బయటే విడిచి, చప్పుడు చెయ్యకుండా ఆవిడ వెనక్కి వెళ్ళి, మానిటర్ ఆన్ చేశాను.

పాస్‌వర్డ్ పెట్టె. దాన్నిండా చుక్కలు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చుక్కలే. ఆవిడ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఎంటర్ కొట్టడం లేదు. ఆ హెడ్‌ఫోన్స్‌లో ఏ మాటా లేదు. సోమవారం నుంచి ఈవిడ ఆ పెట్టెలోకే టైపు చేస్తోంది.



బటన్ చప్పుడు వినే ఉంటుంది. చూశావుగా, ఇక ఆపెయ్యి, కరెంటు దండగ అంది. చెయ్యి మాత్రం ఆపలేదు. శుక్రవారం పని అందలేదని కంపెనీ తన ఐడీ తీసేసిందట. శనివారం నేను పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళాక ఆ మెయిల్ విందట. ఇక నిన్ను పిలిచి మాత్రం ఏం చెయ్యను అంది. వాడికి తెలిస్తే, ఇక హాయిగా కూర్చో అమ్మా అంటాడు, ఆ మాట వినకూడదనే ఇన్నేళ్ళూ చేశాను, అందుకే ఇంట్లో చప్పుడు ఆగనివ్వడం లేదు అంది. చెప్పాలనుంటే వాడికి చెప్పుకో, నీ సంగతి నేను చెప్పలేదా అని కూడా అంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా ఎందుకు కొడుతున్నారని నేను అడగలేదు.

మార్చి 20

కంపెనీకి ఫోన్ చేశాను. తప్పు ఆవిడది కాదు, నాది అన్నాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశారట.

నా ఉద్యోగం పోగొట్టింది, నేను ఆవిడది పోగొట్టాను. సరికి సరి అని ఇక్కడ రాసుకుందామనుకున్నాను. కానీ నాకు ఇంకో ఉద్యోగం ఉంది. ఆవిడకి ఆ కుర్చీ తప్ప ఏముంది? సిగ్గుగా ఉంది. ఈయనకి చెప్పలేదు.

మార్చి 22, శనివారం

ఆవిడకి చెప్పేశాను. ఇంకో వెర్షన్ ఉంది అత్తయ్యా, స్విచ్ వెయ్యగానే మాట్లాడుతుంది, ఎవరినీ పిలవక్కర్లేదు, ఇప్పుడే పెట్టేస్తాను అన్నాను. ఎప్పట్నుంచి ఉంది అంది. మొదట్నుంచీ అన్నాను.

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అక్కర్లేదులే అంది. ఏరికోరి పెట్టావు కదా, అదే ఉండనీ అంది. పోనీ పాస్‌వర్డ్ తీసేస్తానన్నాను. దాని మీద చెయ్యి వేశావో, వాడికి మొదట్నుంచీ చెప్తాను అంది. పోనీ పాస్‌వర్డ్ ఏమిటో చెప్తానన్నాను. రెండు చేతులతో చెవులు మూసుకుంది. నిజంగానే మూసుకుంది, మొండికేసిన చిన్నపిల్లలా.

మార్చి 24, సోమవారం, ఉదయం

పిలిచింది. వెళ్ళాను. కొట్టాను.

వెనక్కి తిరుగుతుంటే ఆగమంది. హెడ్‌ఫోన్స్ వైరు పీకేసింది. తను వినే వేగం నాకు అర్థం కాదని దాన్ని తగ్గించింది, బాగా తగ్గించింది. కంపెనీ మెయిల్. మీ సేవలు ఇకపై అవసరం లేదు అన్నదాకా, ఒక్కో మాటా విడివిడిగా, కంప్యూటర్ చదివింది. నేను నిలబడి విన్నాను. అయ్యాక, వెళ్ళిరా, ఆఫీసుకి టైమవుతోంది అంది.

మార్చి 27

నాలుగు రోజులుగా ఇదే. బదిలీకి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని మా మేనేజర్ అన్నాడు. పొద్దున్న పూట నాకు వీలవదు అన్నాను. ఏమిటో అర్థం కాక నావైపు చూశాడు.

మార్చి 30, ఆదివారం

ఆఫీసు లేదు. ఈయన ఇంకా లేవలేదు. కొడుక్కి వినపడకుండా గొంతు బాగా తగ్గించి పిలిచింది. నేను అప్పటికే గుమ్మంలో ఉన్నాను.