రేఖ ముఖం

మే 4
రేఖ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చి మురళి నా లాప్‌టాప్ పక్కన పెట్టాడు. రేఖ - నాకంటే ముందు అతని భార్య. ఆమె పోయేటప్పటికి నీల చిన్నపిల్ల. పాత ఫోన్‌లో తీసిన వీడియో, ఆ ఫోన్ ఎప్పుడో పోయింది. కూతురికి జడ వేస్తూ నవ్వుతోంది. అంతా మసక. నీల గ్రాడ్యుయేషన్ పార్టీలో బేస్‌మెంట్ టీవీ మీద వేయాలట.
"నీకు ఎడిటింగ్ వచ్చు కదా. క్లియర్‌గా చెయ్."
కాఫీ పెట్టమన్నట్టే చెప్పాడు.

మే 6
ముందు కాపీ చేసుకున్నాను. ఒరిజినల్ జోలికి పోను. మురళి ఏదో ఫ్రీ వెబ్‌సైట్ లింక్ పంపాడు - "అప్‌లోడ్ చేస్తే అదే చేసేస్తుంది." చనిపోయిన మనిషి ముఖాన్ని ఎవరి సర్వర్‌లోనో పడేయడమా... వద్దన్నాను. ఇంకో టూల్ యాంటీవైరస్ ఆపమంది. మూసేశాను. చివరికి ఒక ఫ్రీ ఎడిటర్‌ని, తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే దించుకున్నాను.

మే 9
వీడియో సైజు నాలుగు రెట్లు పెంచితే, లేనిదంతా ఎడిటరే ఊహించి నింపేసింది - జుట్టు తీగల్లా వచ్చింది. లేని పళ్లు వచ్చాయి. కనుబొమ్మ మీద మచ్చ మాయం. ఎవరో అందగత్తె.
రెండు రెట్లకు తగ్గించాను. ఇంకా కొంచెం మసకే. కానీ రేఖే.

మే 10
రెండూ చూపించాను. మురళి అందగత్తె దగ్గరే ఆగిపోయాడు.
"ఇదే. మచ్చ కూడా లేదు."
"అది ఆవిడ ముఖం కాదు."
"నువ్వెప్పుడు చూశావని?"
అందగత్తె ఫైలే అతనికి ఇచ్చాను.

మే 11
టీవీ మీద వేసి చూస్తుంటే నీల మెట్లు దిగి వచ్చింది.
"దట్స్ నాట్ అమ్మ."
టీవీకి దగ్గరగా వెళ్లి చూసింది. తర్వాత నా వైపు తిరిగి - "కావాలనే చేశావ్ కదా ఆంటీ. మా అమ్మని ఎరేజ్ చేశావ్."
మురళి ఫోన్ చూసుకుంటున్నాడు. ఎంచుకున్నది తనేనని ఒక్క మాట అనలేదు.

మే 12
పెన్‌డ్రైవ్‌లో పాతది లేదు. కొత్త వీడియోకి చోటు చాలక మురళి తీసేశాడట.
"మంచిది ఉంది కదా, ఇంకా అదెందుకు?"
నా దగ్గర కాపీ ఉందన్నాను.
"అదీ తీసెయ్. నీల చూస్తే పార్టీలో గొడవ చేస్తుంది."
తీయలేదు.

మే 17
పార్టీ. అందరూ చూశారు. "ఎంత కళగా ఉండేదో" అంటూ ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. కేక్ ప్లేట్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. నీల గరాజ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంది. వీడియో మళ్ళీ వేయమని ఎవరో అడిగారు. మురళి వేశాడు.

మే 18
పక్క గదిలోంచి నీల మెసేజ్ - "రియల్ వీడియో నీ దగ్గర ఉందా? ప్లీజ్."
ఫైల్ అటాచ్ చేశాను. పంపలేదు.
'ఒక్కసారి నన్ను అమ్మా అని పిలువు, పంపిస్తాను' అని టైప్ చేశాను. చెరిపేశాను.
మళ్ళీ టైప్ చేశాను.
ఇంకో 'ప్లీజ్' వచ్చింది.