లైబ్రరీలో చదివానని చెప్పిన మాట

హిందూపురం,
మంగళవారం.

ఈరన్నకు చెల్లెలు నాగవేణి దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉన్నాను. అమ్మ, నాయన ఎట్లున్నారు? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మంద ఇంకా అమరాపురం పక్కనే ఉందా?

ఇక్కడ ఎండలు ముదిరాయి. హాస్టల్లో సంగటి వారానికి ఒకరోజే పెడతారు, అదీ సరిగ్గా ఉడకదు. అయినా కడుపునిండా తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. వీలైతే కొంచెం చెనిక్కాయల పొడి పంపమను.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక ఇది రాస్తున్నాను.

పోయిన శుక్రవారం తెలుగు క్లాసులో సారు ఒక కథ చెప్పారు. అందులో మిట్టమధ్యాహ్నం గొర్రెలన్నీ తలలు దించుకుని గుంపుగా నిలబడ్డాయని ఉంది. ఎందుకు అని సారు అడిగారు. ఒకరు భయం అన్నారు, ఒకరు దుఃఖం అన్నారు. కిటికీలోంచి చూస్తే కాలేజీ వెనక బీడులో ఎవరిదో మంద అట్లాగే నిలబడి ఉంది. ఒక పిల్ల తల్లి కాళ్ల మధ్య దూరి పడుకుంది. అది చూస్తూ నేను లేచాను.

“ఒకదాని పొట్ట కింద నీడలో ఇంకొకటి తల పెట్టుకుంటుంది సార్, ఎండ తగలకుండా.”

పక్కనున్న షబానా నవ్వి, “ఏమే, గొర్రెలు కాసినావా నువ్వు?” అంది. ఆమె నా స్నేహితురాలే, ఊరికే అంది. అందరూ నా వైపు తిరిగారు.

“ఏ పుస్తకంలో చదివావమ్మా?” అన్నారు సారు.

“లైబ్రరీలో చదివినా సార్.”

“సోమవారం ఆ పుస్తకం పట్రా. అందరికీ చదివి వినిపిద్దాం.”

నేను అయిదో తరగతి సెలవుల్లో మందకు జబ్బు చేసిందని ఏడిస్తే, “యాడ జబ్బు? కూకొని సూడు, పొట్ట కింద నీడ ఉండాది” అని నువ్వు నన్ను గొర్రెల మధ్య కూర్చోబెట్టి చూపించావు. నువ్వు చూపించిన దాన్నే సారుతో పుస్తకం మాట అన్నాను. శనివారమంతా లైబ్రరీలో నిజంగానే వెతికాను. గొర్రెల రోగాల పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఈ మాట లేదు.

నిన్న లేచి చెప్పాను. “పుస్తకం లేదు సార్. మా అన్న చెప్పినాడు.”

“ఏం చదివాడు?”

“ఏడు దాకా. గొర్రెలు మేపుతాడు.”

వెనక ఎవరో గొర్రెలా అరిచారు. సారు వాళ్లను కసిరి, “అన్నను ఒకరోజు క్లాసుకు పిలవమ్మా. కథ గురించి ఆయన్నే అడుగుదాం” అన్నారు.

“రాడు సార్. మందను ఇడిచిపెట్టి రాలేడు.”

ఆ మాట వెంటనే వచ్చింది. నువ్వు రానంటావని కాదు. నాయన ఒకరోజు మందను చూసుకుంటాడని నాకు తెలుసు. భుజాన కంబళితో నువ్వు గేటు దగ్గర నిలబడినట్టు కనిపించింది, అంతే.

నిన్ను అడగకుండానే రావని చెప్పేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా? వస్తానంటే సారుకు నేనే పోయి చెబుతాను, నిన్న అబద్ధం చెప్పానని కూడా చెబుతాను.

అవ్వ, నాయన, అమ్మల కాళ్లకు మొక్కినట్టు చెప్పు. కోపముంటే అదీ రాయి.

నీ చెల్లెలు,
నాగవేణి