లాగ్‌బుక్‌లో రాయని ముక్క

ఇంటావిడకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బాలింత అమ్మాయీ, మనవడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాడికి నా ముక్కు వచ్చిందని రాశావు. బుర్రయినా నీది రావాలని కోరుకుంటున్నాను.

పోయిన ఉత్తరం చివర నువ్వు రాసిన పన్నెండు ఇంగ్లీషు క్రియలూ వచ్చాయా అని అడిగావు. రాలేదు. కట్, పుట్, హిట్ బుద్ధిమంతులు, ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి. మిగతావాటితోనే నా పీకలమీదికి వచ్చింది. గో అన్నది నిన్నటికి వెంట్ ఎందుకవుతుందో, పాతికేళ్ళు బళ్ళో పాఠం చెప్పిన నువ్వు కూడా చెప్పవు. "అదంతే, బట్టీ పట్టండి" అంటావు. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగలను. ఈ వయసులో కొత్త ఇంజినీరు లాగ్‌బుక్ ఇంగ్లీషులోనే రాయమంటే ఒళ్ళు మండిపోతోంది.

నేను రాసిన "బ్రేక్‌డ్" అన్న మాటని ఆయన క్యాంటీన్లో అందరిముందూ చదివి నవ్వించిన సంగతి నీకు తెలుసు. అప్పటినుంచి నా పేరు బ్రేక్‌డ్ మాస్టారు. వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తున్నాడు. అందుకని చివర ఈ, డీ అక్షరాలు తగిలిస్తే సరిపోయే మాటలే రాయడం మొదలుపెట్టాను. చెక్డ్, క్లీన్డ్, ఆయిల్డ్. ఒక్క తప్పూ లేదని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

రెండు ఉత్తరాలనుంచీ నీ దగ్గర ఒకటి దాస్తున్నాను. పోయిన నెల ఆస్పత్రి లిఫ్టులో బ్రేకు లైనింగు అరిగిపోయి ఉండడం నా కళ్ళతో చూశాను. అరగడాన్ని వేర్ అంటారని తెలుసు. అరిగిపోయింది అనాలంటే అది ఏమవుతుందో ఎంతకీ గుర్తురాలేదు. నువ్వు రాసిన కాగితం ఇంట్లో ఉండిపోయింది. ఎవరినైనా అడగడానికి నామోషీ. చెక్డ్ అని రాసి సంతకం పెట్టేశాను. మర్నాడు నోటితో చెబుదామనుకుని మరిచిపోయాను.

మూడోరోజు లిఫ్టు జారి, లోపలున్న ఆయా చెయ్యి విరిగింది. ముందురోజు డ్యూటీ నాతో జోడీగా పనిచేసే అతనిది. నా రాతలో అంతా సవ్యంగా ఉంది కాబట్టి తప్పు అతనిదేనని పనిలోంచి ఆపేశారు. అతను నా దగ్గరికి వచ్చి, "అన్నా, నేను బ్రేకు ముట్టుకోనే లేదు. నువ్వు చూసినప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగానే ఉంది" అన్నాను.

అప్పటినుంచి నాకు తిండి సహించడం లేదు. నామీద నాకే అసహ్యం వేస్తోంది. మొన్న ఉన్నదున్నట్టు కాగితంమీద రాసి ఇంజినీరుకి ఇచ్చాను. ఇంగ్లీషులోనే రాశాను, క్రియలన్నీ తప్పులే. ఆయన రెండుసార్లు చదివి, నా జోడీని మళ్ళీ పనిలోకి రమ్మని కబురు పంపాడు. విచారణ అయ్యేదాకా నన్ను ఇంట్లో ఉండమన్నాడు. ఉద్యోగం ఇంకా రెండేళ్ళే ఉంది. అది కూడా ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఇవాళ నా పనిముట్లు తెచ్చుకోవడానికి వెళితే అతను గేటు దగ్గర ఎదురుపడ్డాడు. ఇంగ్లీషు రాకపోవడంవల్ల ఇంత పని జరిగిందని, క్షమించమని అన్నాను.

"నేను నిన్ను తెలుగులోనే అడిగాను కదన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇట్లు,
నీ ఆయన