వంగే ప్యానెళ్లూ వంగని బావగారూ

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. వాకిట్లో ఉన్న అంబులెన్సు మాత్రం ఇంకా క్షేమంగా లేదు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని అనుకుంటున్నావేమో. మీ బావ ఒట్టు పెట్టుకున్నారు. నువ్వు పంపిన సోలార్ ప్యానెళ్లు బండి మీద బిగించి, ఎండతో ఛార్జి చేసిన ఫోన్‌తోనే నీతో మొదటి మాట మాట్లాడతారట. అంతవరకూ ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్నీ గోడ ప్లగ్గు దరిదాపులకి పోనివ్వరట. అది ఎప్పుడో కన్ను మూసింది. అందుకే కాగితం.

మా ఆస్పత్రి వేలంలో ఈ పాత అంబులెన్సు కొన్నప్పుడు నవ్వనివాడివి నువ్వొక్కడివే. నీకు తెలుసుగా, ఉద్యోగమంతా ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో, ఎర్రబల్బు కింద గడిపినదాన్ని. ఇకనైనా ఎండ ఎటుంటే అటు పోవాలని నా ఆశ. లోపల మంచం, పొయ్యి, బుల్లి ఫ్రిజ్ అన్నీ అమరాయి. ఆ ఫ్రిజ్ నడిస్తే మీ బావ ఇన్సులిన్ చల్లగా ఉంటుంది. ఇన్సులిన్ చల్లగా ఉంటేనే మేం ఊరు దాటగలం. చకోరాలు వెన్నెల కోసం చూస్తాయట, మేం ఎండ కోసం చూస్తున్నాం.

మీ బావ టైలరు షాపు మూసేశారే గానీ, చేతిలోంచి కత్తెర దిగలేదు. నీ ప్యానెల్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "గుడ్డ మంచిదే. గంజి కాస్త ఎక్కువైంది" అన్నారు. అంచుల్లో ఉన్న ఇత్తడి రింగులు చూసి, "కాజాలు కూడా వేసి పంపాడు. మీ తమ్ముడు పనిమంతుడే" అన్నారు. ఎలా బిగించాలో వివరంగా రాయి. ఆయన చెయ్యి ఊరుకోవడం లేదు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: డబ్బా మీద "వంగుతుంది" అని ఉంది కదా అని మీ బావ ఒకదాన్ని చాపలా చుట్టి చూశారు. లోపలెక్కడో చిటుక్కుమంది. కొత్తవి అలాగే అంటాయా?

*

అక్కయ్యకి నమస్కారాలు. బావగారికి చేతులు జోడించి మరీ నమస్కారాలు.

చుట్టొద్దు. దయచేసి ఇంకేదీ చుట్టొద్దు. మీ బండి పైకప్పు తాబేలు వీపులా ఉంది కాబట్టి, ఆ గుండ్రానికి సరిపడా వంగుతాయని ఈ రకం పంపాను. పెద్దవాళ్ల ఎదుట మనం వంగుతామే, అంత. సాష్టాంగపడేంత కాదు!

పని కష్టమేం కాదు. పైకప్పు సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. కన్నాలు పెట్టొద్దు, వానొస్తే మంచం తడుస్తుంది. డబ్బాలో గట్టి జిగురుంది, దాంతో అంటించండి. అయితే ప్యానెల్ రేకుకి పూర్తిగా అతుక్కోకూడదు, కింద నుంచి గాలి ఆడాలి. లేకపోతే వేడెక్కి నీరసపడుతుంది. నేను పంపిన గళ్ల ప్లాస్టిక్ షీటు అందుకే, దాన్ని కింద పరవండి. వైర్లు కలిపేటప్పుడు ఎండ తగలకుండా ప్యానెళ్ల మీద దుప్పటి కప్పండి. వైర్లన్నీ కంట్రోలర్ అనే చిన్న డబ్బాలోకి వెళ్తాయి. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి: ముందు బ్యాటరీ, తరవాతే ప్యానెల్. ఇది తప్పితే డబ్బా కాలిపోతుంది.

ఉంటాను,
నీ తమ్ముడు

తా.క.: కొత్తవైనా పాతవైనా చిటుక్కుమనకూడదు.

*

తమ్ముడికి దీవెనలు.

పని పూర్తయింది. నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా చేశాం. కరెంటు మాత్రం చుక్క రాలేదు.

అన్నిటికంటే కష్టమైంది బ్యాటరీయే. మంచం కింద హాయిగా ఉండేది. నువ్వు "ముందు బ్యాటరీ" అన్నావని దాన్ని పీకి, మీ బావా నేనూ మోసుకొచ్చి బండి ముందు భాగంలో, నా సీటు దగ్గర పెట్టాం. ఇప్పుడు నేను కాళ్లు రెండూ దాని మీద పెట్టుకుని, గద్దెనెక్కిన మహారాణిలా కూర్చోవాలి. ప్యానెళ్లు వెనకే ఉన్నాయి కాబట్టి వాటితో పేచీ లేదు. "ఇదేం పద్ధతండీ, నడుం పోయింది" అంటే, "వాడు చదువుకున్న ఫిట్టరు, ఊరికే రాస్తాడా?" అన్నారు.

దుప్పటి కప్పాం. పగలు తియ్యడం లేదు, రాత్రీ తియ్యడం లేదు. ఒక్క కిరణం తగిలితే నన్నడుగు! అయినా ఫ్రిజ్ ఉలకదు, పలకదు. నీ సరుకులో ఏదో లోపం ఉన్నట్టుంది. మొహమాటపడకుండా షాపువాడిని నిలదియ్యి.

ఇట్లు,
కాళ్లు పైన పెట్టుకుని రాస్తున్న
నీ అక్క

తా.క.: దుప్పటి జారకుండా మీ బావ చుట్టూ ఎలాస్టిక్ వేసి కుట్టారు. తుఫానొచ్చినా ఊడదు. రంగు కూడా బండికి మ్యాచింగ్.

*

అక్కా,

నమస్కారాలు, క్షేమ సమాచారాలు అన్నీ అయ్యాయనుకో.

ముందు అంటే మొదట! ముందుగా బ్యాటరీ వైరు కలపాలి, ఆ తరవాత ప్యానెల్ వైరు. నేను చెప్పింది వరస, అక్కా, దిక్కు కాదు! బ్యాటరీ మంచం కింద లక్షణంగా ఉంది. దాన్ని మళ్లీ అక్కడ పెట్టండి. నీ కాళ్లు నేల మీద పెట్టుకో.

ఇక దుప్పటి. అది వైర్లు కలిపే కాసేపు మాత్రమే. ఎండతో బతికేదాన్ని ఎండ తగలకుండా మూటకట్టి, పైగా సరుకులో లోపమంటారా? నోటికి గుడ్డ కట్టి పాట పాడమన్నట్టుంది. మీ ఉత్తరం చదివి మీ మరదలు ఎంత నవ్విందంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

దుప్పటి తియ్యండి. బండి ఎండలో నిలపండి. ఒక్క మూల చెట్టునీడ పడినా ప్యానెల్ మొత్తం మూలుగుతుంది, కాబట్టి నీడ పడకుండా చూసుకోండి. అంచుల దగ్గర ఎక్కువైంది ఏమైనా ఉంటే నీటుగా తీసెయ్యమని బావగారికి చెప్పు. అంతే. ఇంక సొంత తెలివి ఏదీ వాడొద్దు.

నీ తమ్ముడు

తా.క.: ఆ ఎలాస్టిక్ దుప్పటి దాచిపెట్టొద్దు. ఎవరికైనా ఇచ్చెయ్యండి. కళ్లెదుట ఉంటే బావగారు మళ్లీ తొడుగుతారు.

*

తమ్ముడికి ఆశీస్సులు.

శుభవార్త. ఫ్రిజ్‌లో దీపం వెలిగింది. చల్లదనం ఇంకా రాలేదు గానీ, దీపం భలే ఉంది.

నీడ పడకూడదన్నావు కదా. మా వీధిలో ఒకచోట ఎండ నిలవదు. అందుకని మీ బావ పొద్దుటినుంచీ ఎండ వెంట బండి జరుపుతూ వచ్చారు. కాసేపు దర్జీగారి ఇంటి ముందు, అంటే మన ఇంటి ముందే, కాసేపు రిటైర్డ్ హెడ్మాస్టరుగారి ఇంటి ముందు, కాసేపు ఎదురు మేడ ముందు. మేం మరిచిన సంగతేమిటంటే, అది చూసేవాళ్లకి అంబులెన్సు. హెడ్మాస్టరుగారి గేటు ముందు ఆగిన కాసేపటికి జనం పోగయ్యారు. వాళ్ల వియ్యంకుడు ఆటోలో దిగి, లోపలికి పోతూనే గొల్లుమన్నాడు. హెడ్మాస్టరుగారు మొహం మీద సబ్బునురగతో బయటికొచ్చి, "ఎవరికేమైందిరా?" అని ఆయనే కంగారుపడ్డారు. ఇప్పుడు మమ్మల్ని ఏ ఇంటి ముందూ ఆగనివ్వడం లేదు.

నువ్వు చెప్పినట్టు అంచుల్లో ఎక్కువైంది కూడా తీసేశాం. ఒక ప్యానెల్‌కి చుట్టూ వేలెడు తెల్ల అంచు మిగిలి ఉంది. కుట్టుకి వదిలింది కాబోలనుకుని మీ బావ కత్తెరతో నీటుగా కత్తిరించేశారు. వంకర లేదు, పీచు లేదు. ఎంత చక్కగా వచ్చిందో! అది మాత్రం ఆ క్షణం నుంచి పనిచెయ్యడం మానేసింది.

ఇట్లు,
నీ అక్క

తా.క.: జిగురు నిజంగానే గట్టిది. మీ బావ బోర్లా పడుకుని అంటిస్తుంటే చొక్కా అతుక్కుపోయింది. గుండీలు విప్పి ఆయన్ని కిందికి దించాం. చొక్కా ఇంకా పైనే ఉంది.

*

అక్కా,

జిగురు! ఎక్కువైన జిగురు తియ్యమన్నాను! ప్యానెల్ తియ్యమనలేదు!

కత్తెర పెట్టారా? సోలార్ ప్యానెల్‌కి కత్తెర పెట్టారా? ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మేడల మీద, కోళ్లఫారాల మీద, పడవల మీద బిగించాను. కోతులు పీకినవి చూశాను, వడగళ్లు పడినవి చూశాను. ఆది కొలిచి కత్తిరించినవాళ్లని మాత్రం చూడలేదు. ఒకటి చాపలా చుట్టారు, ఒకటి కత్తిరించారు. మూడోది ఏ చొక్కా కింద ఉందో!

నావల్ల కాదు. ఇక ఒక్క ముక్క కూడా చెప్పను. చెప్పిందల్లా ఇంకోలా అర్థమయ్యేవాళ్లకి ఏం చెప్పి ఏం లాభం? ఆ ప్యానెళ్లతో బండికి చొక్కా కుట్టించుకోండి, జేబులు కూడా పెట్టించుకోండి. ఊరేగండి. నన్ను మాత్రం ఇక అడగొద్దు.

నీ తమ్ముడు

తా.క.: తాజా కలం ఏమీ లేదు.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. బాధపడకు, ఇక అడగం.

నువ్వు బహుమతిగా ఇచ్చింది పాడుచేశామన్న బాధ మాకూ ఉంది. నిన్న బండిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. తలుపు వేస్తే లోపల అచ్చం నా పాత గదిలాగే ఉంది. ఇదీ నా రాతలో ఉన్న చీకటేలే అనుకున్నాను. ఎండలోకి వెళ్లాలన్నది అంత పెద్ద కోరికనుకోలేదు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క

తా.క.: మీ బావ నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాఫీ కూడా తాగకుండా మెడలో టేపు వేసుకుని బయటికెళ్లారు. ఆయన అలా వెళ్లడం ఎప్పుడూ చూడలేదు. బాగా నొచ్చుకున్నట్టున్నారు.

*

అక్కకి, బావగారికి,

తప్పు నాది. కోపంలో నోటికొచ్చింది రాసేశాను. నీ ఉత్తరం చదివి మీ మరదలు నవ్వలేదు. నాతో మాట్లాడటం కూడా మానేసింది. ఉప్పు అడిగితే గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోతోంది.

సెలవు పెట్టాను. కొత్త ప్యానెల్, పనిముట్లు తీసుకుని నేనే వస్తున్నాను. ఉత్తరాలతో అయ్యే పని కాదిది. ఎండలో నిలబడి నా చేతులతో బిగిస్తాను. బండి తలుపు తెరిచినప్పుడు నీ మొహాన ఎండ పడేలా చేసే బాధ్యత నాది.

నేను వచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. ఇంట్లోనే ఉండండి. ఎక్కడికీ కదలొద్దు. ఈ మాటకి రెండో అర్థం లేదు.

మీ తమ్ముడు

తా.క.: బావగారూ, ఆ చొక్కా రేకు నుంచి పీకకండి. దాన్ని ఊడదియ్యడానికి మందు తెస్తున్నాను.

*

తమ్ముడికి అక్క, బావల ఆశీస్సులు.

ఈ ఉత్తరం మా ఇంటి అడ్రసుకే రాస్తున్నాను. నువ్వు అక్కడున్నావని మీ ఇంట్లో మరదలు చెప్పింది. అవును, మేం మీ ఇంట్లో ఉన్నాం. నువ్వు పొద్దున బస్సెక్కావట, మేం మధ్యాహ్నం బండి దిగాం. ఒట్టు ప్రకారం ఎండతో ఛార్జి చేసిన ఫోన్‌తో నీకు చేద్దామంటే, నీ ఫోన్ ఇక్కడే బల్ల మీద మోగింది. నువ్వు వస్తున్నట్టు రాసిన ఉత్తరం మేం చూడలేదు. మా తలుపు కింద ఉంటుంది, నువ్వే తీసి చదువుకో.

నువ్వు కోపంగా ఉన్నావని నేను ఏడుస్తుంటే, మీ బావ మాత్రం నీ తెలివికి మురిసిపోయారు. "చూశావా, మీ తమ్ముడు చివరికి అసలు కిటుకు చెప్పాడు" అన్నారు. నువ్వు రాసింది తిట్టని నేనెంత చెప్పినా వినలేదు. ఆ రోజు టేపుతో బయటికెళ్లింది బండి కొలతలకట. గట్టి క్యాన్వాసు తెచ్చి, బండికి నిజంగానే చొక్కా కుట్టారు. జేబులు పెట్టమన్నావుగా, రెండు జేబులు పెట్టి, బతికున్న ప్యానెళ్లని గళ్ల షీటుతో సహా రేకు మీంచి ఊడదీసి వాటిలో దోపారు. రింగుల్లోంచి తాళ్లు పోనిచ్చి, బండి పక్కనున్న కమ్మీలకి కట్టారు. కింద గాలి ఝామ్మని ఆడుతోంది. ఫ్రిజ్‌లో నీళ్ల సీసా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. ఆ చిటుక్కుమన్నది కూడా ఏదో కుంటుతూ పనిచేస్తోంది. ఇన్సులిన్ చల్లగా ఉంది.

ఆ చల్లదనం చూశాక ఇంక ఆగలేకపోయాను. మొదటి ప్రయాణం ఎక్కడికి అని ఆయన అడిగితే, "తమ్ముడి దగ్గరికి, కోపం తీర్చి వద్దాం" అన్నాను. తెల్లవారి ఒక పొలం పక్కన వెనక తలుపులు రెండూ తెరుచుకుని కూర్చున్నాం. ఒళ్లంతా ఎండ.  ఆ సంగతి నీకు చెప్పాలనిపించిందిరా, వచ్చేసరికి నువ్వు లేవు.

దారిలో మాత్రం చిక్కులొచ్చాయి. బండి చూసి అందరూ పక్కకి తప్పుకుంటుంటే మీ బావ గర్వంగా నడిపారు. ఒకచోట టీ కోసం ఆపితే, ఒక పెద్దాయన వెనక ఎక్కి మా మంచం మీద పడుకుని, "తొందరగా పోనివ్వండి, కాలు బెణికింది" అన్నాడు. తప్పేదేముంది, ఆస్పత్రిలో దించి వచ్చాం.

తాళం హెడ్మాస్టరుగారి దగ్గరుంది. మా బండి గురించి ఏమన్నా అంటే విననట్టు ఊరుకో. వండుకు తిను. ముఖ్యంగా, అక్కడినుంచి కదలకు. నువ్విటూ మేమటూ మళ్లీ దారిలో దాటిపోతే నవ్వడానికి కూడా ఓపిక ఉండదు. రెండురోజులు మరదలితో కబుర్లు చెప్పుకుని మేమే వస్తాం.

ఇట్లు,
ఎండలో కూర్చుని రాస్తున్న
నీ అక్క

తా.క.: ఇక్కడ మీ బావ ఒక ముక్క రాస్తానంటున్నారు.

బావమరిదికి దీవెనలు. చొక్కా ఐడియా బ్రహ్మాండం. నీ రుణం ఉంచుకోను. మీ డాబా మీద కూడా నాలుగు ప్యానెళ్లున్నాయి కదా, ఊరికే ఉండటమెందుకని ఇవాళ వాటికీ కొలతలు తీసుకున్నాను. అవి గాజువి, వంగవని చెల్లెమ్మ అంటోంది. చూద్దాం.