రెండోసారి పాపసంకీర్తన పరీక్ష

అక్కా,

గట్టెక్కాను. ఇది రెండోసారి, ఈసారీ తప్పితే ఈ పరాయి దేశపు సెమినరీ నుంచి ఫాదర్‌నయ్యే గురుపట్టం లేకుండానే ఇంటికి పంపేసేవారు.

పరీక్షలో ముసలి ఫాదర్ ఒకాయన పాపం చేసినవాడిలా నటిస్తారు, మేం గురువుల స్థానంలో కూర్చుని ఆయన పాపసంకీర్తనం వినాలి, పాపాలు ఒప్పుకున్నాక క్షమాపణ ప్రార్థన చెప్పాలి. "రొట్టె దొంగిలించాను," అన్నారు. మన ఊరి ఫాదర్ వెంట పేదల ఇళ్లు తిరిగిన అలవాటు కదా, క్షమాపణ ప్రార్థన చెప్పాల్సినచోట "ఇప్పుడేమైనా తిన్నావా?" అని అడిగేశాను. కొంప మునిగిందనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి, "లేదయ్యా, పొద్దున్నుంచి మీ పరీక్షలతోనే సరిపోయింది," అన్నారు. తర్వాత ప్రార్థన తప్పుల్లేకుండా చెప్పించుకుని, పాస్ చేశారు.

ఈ కబురు మన ఫాదర్‌గారికి చెప్పు. బావ తన టైర్ల కొట్లో నాకోసం అట్టేపెట్టిన పని ఇంకెవరికైనా ఇచ్చేయమను.

నీ తమ్ముడు