కుడివైపు అద్దం నువ్వు బిగించు

వైష్ణవి బాపూ,

వ్యాన్ ఎడమవైపు కొత్త సైడ్ అద్దం నేనే బిగించిన. కుడిది సీటు మీద పెట్టిన, నువ్వు బిగించు. తలుపు లోపల మూలకున్న ప్లాస్టిక్ మూత మెల్లగ ఊడదీస్తే మూడు నట్లు కనవడ్తయి. అవి ఇప్పేటప్పుడు పగిలిన అద్దాన్ని బయట నుంచి పట్టుకో, లేకపోతే జారి తలుపుకు గీతలు పడ్తయి.

మొన్న ఇరుకు గల్లీల వ్యాన్ దూర్చి రెండద్దాలు పలగ్గొట్టింది నువ్వు. మార్చుమంటే రేపు, రేపన్నవు. నిన్న నేను బండి వెనక్కి తీస్తుంటే, నూలు బస్తా కాడ వంగిన మీ అవ్వ నాకు కనవడలే. బండి తాకి పడ్డది, మోకాలు చీరుకపోయింది. "ఆడమనిషికి స్టీరింగిస్తే గిట్లనే అయితది" అని వాడకట్టంత అన్నది. నువ్వు నా పక్కనే నిలవడ్డవు. "అద్దాలు నేనే పలగ్గొట్టిన" అని ఒక్క మాట అనలే. మీ అవ్వ ఈ కోడలితోటి మాట్లాడుతలేదు.

మన పాప వైష్ణవిని తీస్కొని బస్సుల మెట్‌పల్లి పోతున్న, మా తమ్ముని ఇంటికి. పప్పు పొయ్యి మీద ఉంది.

మమత

అద్దం అంచు కోస్తది, చేతికి గుడ్డ చుట్టుకో. మీ అవ్వ మోకాలికి మందు రాయి. రాసుకుంటనే అద్దాల సంగతి ఆమెకు నీ నోటితోనే చెప్పు. చెప్పినంక ఫోన్ చెయ్యి, అంతకుముందు చెయ్యకు.